సినిమా నాపరాయా, సిమెంటు మూటా?

యీ శీర్షికకు వచ్చే జాబుల్లో నూటికి తొంభై ఒకే రకం. ఫలానా చిత్రం ఎన్ని కేంద్రాల్లో వంద రోజులు ఆడింది? ఫలానా తార అసలు పేరేమిటి? తెలిస్తే చెబుతాను, తెలియకపోతే చల్లగా పక్కన పెట్టేస్తాను. కానీ క్రిందటి నెల ఎర్రగుంట్ల నుంచి వచ్చిన జాబును అలా పక్కన పెట్టలేకపోయాను. అది ప్రశ్న కాదు, పంచాయితీ!

వ్రాసినవాడు ఇరవై రెండేళ్ల కుర్రాడు. బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో పని. జాబు సారాంశం యిది. వాళ్ల తాత ఒకప్పుడు టూరింగు టాకీసులో ఆపరేటరు. ఆయన దగ్గర ఒక పాత బిస్కట్ల డబ్బా వుంది. దాని నిండా తెగిన ఫిలిం ముక్కలు. మూత తీస్తే ముక్కు పగిలే పులుపు కంపు. ఇంటికి సున్నాలు వేయిస్తున్నారు కాబట్టి డబ్బా పారేద్దామంటే తాత ఒప్పుకోడు. "దాంట్లో మాయాబజార్ ఉండాది" అంటాడు. మనవడేమో, "మాయాబజార్ మొత్తం నా ఫోనులో రంగుల్లో ఉంది, ఈ కంపు ముక్కలెందుకు?" అంటాడు. దానికి తాత, "నీ ఫోన్లో ఉండేది మాయాబజారే కాదు పో" అన్నాడట. ఇంట్లో నాలుగు రోజులు మాటల్లేవు. చివరికి, సినిమా పత్రికవాళ్లు ఎట్లా చెబితే అట్లా అని ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. "మీరు తాత గెలిచాడంటే డబ్బా ఇంట్లో ఉంటుంది. నేను గెలిచానంటే చెత్తబండిలోకి పోతుంది. త్వరగా వ్రాయండి సార్, సున్నం కొట్టేవాళ్లు ఆగరు" అని ముగించాడు.

తీర్పు పోస్టులో పంపించడం న్యాయం కాదనిపించింది. కడప దాకా వేరే పని పడింది. దారిలో ఎర్రగుంట్లలో దిగాను.

ఆ వూరు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. చూడనివాళ్లకు ఒక్క మాట. రోడ్డుకు అటూ యిటూ నల్లటి నాపరాళ్లు పుస్తకాల్లా నిలబెట్టి వుంటాయి. వాటి మధ్య నుంచి సిమెంటు లారీలు దుమ్ము రేపుకుంటూ పోతుంటాయి. ఒకే సున్నపురాతి నేల అటు బండలూ యిస్తుంది, యిటు సిమెంటూ యిస్తుంది. మేం ముగ్గురం కూర్చున్న టీ కొట్టు అరుగు కూడా నాపరాయే.

పెద్దాయన డబ్బా వెంట తెచ్చాడు. మూత తీశాడు. టీ కొట్టు యజమాని ముక్కు మూసుకున్నాడు.

"ఇదేం సార్, వాసన పడితే మనిషిని మర్చిపోతామా?" అన్నాడు పెద్దాయన.

జానెడు ముక్క ఒకటి తీసి ఎండకు పట్టి చూశాను. జానెడంటే పన్నెండు బొమ్మలు. తెర మీద సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు నడుస్తాయి కాబట్టి, నా చేతిలో వున్నది అర సెకను! ఘటోత్కచుడి భుజమూ గదా కనిపించాయి. ముఖం లేదు.

"ఇది మాయాబజారేనా?" అన్నాను.

"మాయాబజార్ కాక మరేంది?"

"అర సెకనే గదా తాతా!" అన్నాడు మనవడు.

ఇక్కడ నాకొక ఉపాయం తోచింది. మనవణ్ణి అడిగాను: "మీ ఫ్యాక్టరీలో పాలిష్ చేస్తుంటే ఒక బండ పగిలిందనుకో. అదే బండ మళ్లీ వస్తుందా?"

"అదే ఎట్లొస్తుంది సార్? దాని మాదిరిది ఇంకొకటి వస్తుంది."

"మరి సిమెంటు మూట చినిగితే?"

"ఇంకో మూట తెచ్చుకుంటాం. ఏ మూటైతేనేం?"

"అయితే సినిమా నాపరాయా, సిమెంటు మూటా?"

మనవడు తడుముకోకుండా సిమెంటు మూట అన్నాడు. తాత తడుముకోకుండా నాపరాయి అన్నాడు. పంచాయితీ అసలు విషయం అక్కడ బయటపడింది.

ముందు మనవడి వాదం చూద్దాం. అందులో బలం లేకపోలేదు. 1957 మార్చి 27న 'మాయాబజార్' విడుదలయినప్పుడు ఒక్క ప్రింటుతో కాలేదు. విజయవాడలో చూసినవాడూ కడపలో చూసినవాడూ వేరు వేరు ప్రింట్లు చూశారు. అయినా ఇద్దరూ ఒకే సినిమా చూశామన్నారు. గుడిలో శిల్పం అట్లా కాదు. అది వున్న చోటికే మనం పోవాలి. సినిమాయే మన వూరికి వస్తుంది, అదీ ఒకేరోజు వంద వూళ్లకు వస్తుంది. జర్మనీ మేధావి వాల్టర్ బెంజమిన్ 1930లలోనే యీ సంగతి వ్రాశాడు. ఒక ఫోటో నెగెటివ్ నుంచి ఎన్ని ప్రతులైనా తీయవచ్చు, వాటిలో అసలు ప్రతి ఏదని అడగడంలో అర్థం లేదన్నాడు. మన కుర్రాడు బెంజమిన్‌ని చదవలేదు గానీ అదే మాట అన్నాడు.

అయితే ఆ నెగెటివే అసలు సినిమా అందామా? అదీ కుదరదు. నెగెటివ్‌లో తెల్లనివన్నీ నల్లగా, నల్లనివన్నీ తెల్లగా వుంటాయి. సావిత్రి కళ్లు అందులో చూస్తే జడుసుకుంటాం. అది అచ్చు మాత్రమే. ఇడ్లీ పాత్రను ఇడ్లీ అని ఎవరూ అనరు. పోనీ తెర మీద వుందందామా? తెర మీద వుండేది వెలుగు. బొమ్మ మారేటప్పుడల్లా ప్రొజెక్టరు షట్టరు అడ్డం పడి క్షణంలో కొంత భాగం చీకటే. కదలిక తెర మీద లేదు, మన కంటిలో పుడుతున్నది. ఆట అయిపోగానే తెర ఉత్త గుడ్డ.

"అట్లయితే సినిమా యాడ ఉన్నట్టు సార్?" అన్నాడు పెద్దాయన. కాస్త కంగారు పడ్డాడు పాపం. ముప్పై ఏళ్లు దాన్ని మోసినవాడు మరి.

ఆయన్ను మరో ప్రశ్న అడిగాను. "మీరు ఎప్పుడైనా రీళ్లు తారుమారు చేశారా?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఒకసారి. జాగరణ పొద్దు. నిద్రమత్తులో ఏడో రీలు అనుకొని ఎనిమిదోది ఎక్కించినా. జనం ఈలలు, రాళ్లు! టెంటు చినిగింది. ఓనరు నా జీతం కోసినాడు."

"ఆ రోజు చెడింది ఏమిటి? సినిమానా, ఆటా?"

ఆలోచించాడు. "ఆటే సార్. సినిమాకేమయింది? మర్నాడు సరిగ్గా ఎక్కిస్తే సరిగ్గానే ఆడింది."

పాఠక మహాశయులు యీ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. సినిమాకూ నాటకానికీ తేడా అంతా యిక్కడే వుంది. యీ కడప జిల్లాలోనే సురభి అనే వూరుంది. 1885లో వనారస గోవిందరావుగారు అక్కడ 'కీచకవధ' ఆడారు. తోలుబొమ్మలాడించే కుటుంబాలు తామే రంగస్థలం ఎక్కాయి. సురభి నాటక సమాజాలు అట్లా పుట్టాయి. 'మాయాబజార్' నాటకం వాళ్లు ఎన్నో ఏళ్లుగా ఆడుతున్నారు. అక్కడ ఘటోత్కచుడు ఇవాళ ఒకడు, రేపు అతని కొడుకు. ఇవాళ పద్యం ఎత్తుగా అందుకుంటాడు, రేపు జలుబు చేస్తే తగ్గించి పాడతాడు. ప్రతి ఆటా కొత్తగా పుట్టిన కళ. బాగా ఆడితే వన్స్‌మోర్ అంటాం. సినిమా ఆపరేటరుకు ఎవరైనా వన్స్‌మోర్ అన్నారా? ఎంత బాగా నడిపినా అతను కళాకారుడు కాడు, ఎంత చెడగొట్టినా కళ చెడదు. అతని పని మోసి తెచ్చి, వున్నది వున్నట్టు దించడం. తిండి మానేసి నడిపినా, నంది బహుమతి రాదు!

"ఆ మాట నిజమే" అన్నాడు పెద్దాయన, నవ్వకుండా.

ఇంతవరకూ మనవడిదే పైచేయి. ఇప్పుడు రంగుల సంగతికి వద్దాం.

రంగుల 'మాయాబజార్' 2010 జనవరి 30న విడుదలయింది. హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఆ పని చేసింది. బొమ్మ బొమ్మకూ రంగు వేశారు. మూడు గంటలకు లెక్క వేసినా 2,59,200 బొమ్మలు. సామాన్యమైన శ్రమ కాదు, దణ్ణం పెట్టాల్సిందే. ఆ రంగులు చూసి కొత్త తరం పిల్లలు థియేటరుకు వచ్చారు, సంతోషం. కానీ రంగులు చేరినప్పుడు కొన్ని పాటలూ, పద్యాల్లో చాలా భాగమూ జారిపోయాయి.

పెద్దాయన ఆ మాట వినీ వినకముందే ఒక పద్యం అందుకున్నాడు. ఎనభై దాటిన గొంతు. రాగం దీర్ఘం తీస్తుంటే టీ కొట్టు దగ్గర లారీ డ్రైవర్లు తిరిగి చూశారు. పద్యం ముగించి మనవడి వైపు చెయ్యి చాచాడు. "చూపీ నీ ఫోన్లో."

కుర్రాడు వెనక్కీ ముందుకూ జరిపి చూశాడు. రంగుల్లో ఆ పద్యం లేదు. నలుపు తెలుపు ప్రతి కోసం వెతికాడు, అందులో వుంది. తాత పాడిన చోటే, తాత ఆగిన చోటే. కుర్రాడి ముఖం కొద్దిగా వాడింది.

"పద్యాలు లేని మాయాబజార్ మాయాబజారేనా సార్?" అన్నాడు పెద్దాయన, గెలిచినట్టు.

అట్లా తేలిగ్గా గెలవనివ్వలేదు నేను. "మరి మీరు చూపించిన ప్రింటో? తెగినప్పుడల్లా రెండు మూడు బొమ్మలు కత్తిరించి అతికించారు గదా. వూళ్లు తిరిగి తిరిగి చివరికి ఎంత పోయింది? అదీ మాయాబజారే అన్నారు గదా?" (ఫిలిం అతికించే జిగురును కూడా సిమెంటే అంటారు. ఎర్రగుంట్లవాళ్లు యీ ముచ్చట విని మురిసిపోవచ్చు!)

పెద్దాయన జవాబు నేను యిప్పటికీ మరిచిపోలేదు. "పోయింది సార్, పోలేదనను. కానీ పోయిందని నాకు తెలుసు. ఈడ రెండు బొమ్మలు పోయినాయి, ఆడ మూడు పోయినాయి అని డబ్బాలో దాచినా. వీడి ఫోన్లో పోయింది పోయిందని వీడికి తెలీదు."

ఇంతకు మించి ఏ పండితుడు చెప్పగలడు? అరిగిన ప్రింటు గాయపడిన మాయాబజార్. గాయం గాయంలాగే కనబడుతుంది. తెర మీద గీతలు పడితే, బొమ్మ ఎగిరితే, ఇక్కడేదో పోయిందని వెనక బెంచీవాడు కూడా కనిపెడతాడు. రంగుల ప్రతిలో అట్లా కాదు. పోయినచోట నున్నగా పాలిష్ పట్టి వుంది. లేనిది చేరిన చోట కూడా నున్నగానే వుంది. వెన్నెల్లో పడవ పాటను మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపుల కోసం దీపాలు పెట్టి తీశాడు. ఆ వెన్నెల ఆయన లెక్క. నీలం పులిమితే అది వేరొకరి లెక్క. తప్పని కాదు, వేరని.

వేరు అంటే ఎంత వేరు? ఇదే కథతో 1936లో పి.వి. దాస్ ఒక 'మాయాబజార్' తీశారు. 2006లో ఇంద్రగంటి మోహనకృష్ణ ఆ పేరుతోనే పూర్తిగా మరో కథ తీశారు. పేరొకటే, సినిమాలు వేరు. అందులో పేచీ లేదు. విజయావారే 1957 ఏప్రిల్‌లో తమిళ 'మాయాబజార్' విడుదల చేశారు. దర్శకుడు కె.వి. రెడ్డిగారే, కృష్ణుడు రామారావుగారే, శశిరేఖ సావిత్రే. కానీ అభిమన్యుడు నాగేశ్వరరావుగారు కాదు, జెమినీ గణేశన్. అది మన మాయాబజారుకు కవల. ఒకే తల్లి బిడ్డలే గానీ ఒకే మనిషి కాదు. రంగులది కవల కూడా కాదు, ఎందుకంటే కెమెరా ముందు మళ్లీ ఎవరూ నిలబడలేదు. అది కావ్యానికి వ్రాసిన వ్యాఖ్యానం వంటిది. వ్యాఖ్యానం చదివి కావ్యం మీద ప్రేమ పుడితే మంచిదే. వ్యాఖ్యానం వచ్చింది గదా అని కావ్యాన్ని చెత్తబండిలో వేస్తేనే ప్రమాదం.

కాబట్టి రెండో రౌండు తాతది. అన్నట్టు, ఆయన గర్వపడటానికి యింకో కారణమూ వుంది. కె.వి. రెడ్డిగారు పుట్టింది తాడిపత్రిలో. ఎర్రగుంట్లలో గుంతకల్లు వైపు రైలెక్కితే దారిలో తగిలే వూరే. నిర్మాత నాగిరెడ్డిగారు యీ కడప జిల్లా బిడ్డే.

ఇక అసలు చిక్కు. పెద్దాయన పద్యం పాడినప్పుడు పద్యం వచ్చిందా, లేదా? వచ్చింది. ఫోను లేకపోయినా, ప్రింటు లేకపోయినా, ఒక ముసలి గొంతులో పద్యం నిండుగా వచ్చింది. బ్రౌన్ దొర కడపలో వుండి పండితులను కూర్చోబెట్టుకుని, తాళపత్రాలు పోల్చి చూసి ఎన్నో కావ్యాలు నిలబెట్టాడు. ఒక తాటాకు చిల్లు పడితే మరో తాటాకు సాక్ష్యం పలికింది. ఆకులు పోయినా వేమన పద్యం పోలేదు, జనం నోట వుంది గనుక. మరి పెద్దాయన పాడినప్పుడు సినిమా వచ్చిందా? రంగారావుగారి కనుబొమ లేచిందా? రాలేదు. ఎంత బాగా వర్ణించినా రాదు. నాటకం పోతే ఆడేవాళ్లుంటారు, పాట పోతే పాడేవాళ్లుంటారు. సినిమాను మళ్లీ 'ఆడించాలంటే' డబ్బా కావాల్సిందే. మనుషులు దాన్ని మోయగలరు గానీ తిరిగి పుట్టించలేరు.

ఇందుకు మనకొక కన్నీటి నిదర్శనం వుంది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలయింది. హెచ్.ఎం. రెడ్డిగారి దర్శకత్వం. లీలావతి వేషం సురభి కమలాబాయిది. యీ జిల్లాలో పుట్టిన సురభి పరంపర నుంచి వెళ్లిన నటే మన తొలి తెలుగు టాకీ నాయిక అన్నమాట. ఆ చిత్రం ఒక్క ప్రింటూ మిగల్లేదు. కథ తెలుసు, నటుల పేర్లు తెలుసు. ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారి ప్రహ్లాద నాటకాన్ని రేపు ఎవరైనా మళ్లీ ఆడవచ్చు. ఆ సినిమాను మాత్రం ఎవరూ చూడలేరు. కమలాబాయి అందులో ఎట్లా తల తిప్పిందో యిక ఏ కంటికీ తెలియదు.

కుర్రాడు చాలాసేపటికి నోరు విప్పాడు. "అంటే సార్, మొదట సిమెంటు మూటే. తర్వాత..."

"చెప్పు."

"మూటలన్నీ అయిపోయి ఒక్కటే మిగిలితే, అప్పుడది నాపరాయి."

కుర్రాడి భుజం తట్టాను. నేను రైల్లో అంతసేపు ఆలోచించి చెప్పబోయింది అదే. సినిమా వంద డబ్బాల్లో పుడుతుంది. అప్పుడు ఏ డబ్బా అయినా ఒకటే, ఒకటి పోతే ఎవరూ ఏడవరు. ఎవరూ ఏడవరు గనుకనే ఒక్కొక్కటే పోతుంది. చివరి డబ్బా దగ్గరకు వచ్చేసరికి అది గుడిలో శిల్పమంత ఒంటరిది. అప్పటికి దాన్ని చెత్తనుకునేవాళ్లే చుట్టూ వుంటారు.

అట్లా చివరి నిమిషంలో దొరికిన అదృష్టవంతులూ వున్నారు. డెన్మార్కు దర్శకుడు కార్ల్ డ్రేయర్ ఫ్రాన్సులో తీసిన 'ది పాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్' 1928లో విడుదలయింది. అసలు నెగెటివ్ ఆ ఏడాదే మంటల్లో కాలిపోయింది. పాపం ఆయన మిగిలిన వేరే టేకులతో మళ్లీ కూర్చుకున్నాడు. తొలి కూర్పు యిక లేదనే అనుకుంటూ 1968లో కన్నుమూశాడు. 1981లో నార్వేలో, ఓస్లో దగ్గర ఒక మానసిక చికిత్సాలయం అల్మారాలో కొన్ని డబ్బాలు బయటపడ్డాయి. తెరిచి చూస్తే తొలి కూర్పు! అన్నేళ్లూ ఆ సినిమా ఎక్కడున్నట్టు? ఎవరి మనసులోనూ కాదు, ఏ తెర మీదా కాదు. పారేయడానికి బద్ధకించిన ఎవరో పుణ్యాత్ముడి అల్మారాలో.

ఇక తీర్పు. సిద్ధమేనా?

మనవడి ఫోనులో వున్నది మాయాబజార్ మీద కట్టిన మరో పని. చూడవచ్చు, ఆనందించవచ్చు. కానీ మాయాబజార్ చూశానని చెప్పుకోవాలంటే నలుపు తెలుపులో, పద్యాలతో సహా చూడాలి. శిక్షగా తాత పక్కన కూర్చుని చూడాలి.

తాత డబ్బాలో వున్నదీ మాయాబజార్ కాదు. అర సెకన్లు ఎన్ని పోగేసినా సినిమా కాదు. అవి మాయాబజార్ ఒకప్పుడు యీ వూరి మీదుగా వెళ్లిందనడానికి గుర్తులు. ఎక్కడెక్కడ ఎంత తెగిందో చెప్పే గుర్తులు. ఆ లెక్కన డబ్బా ఇంట్లోనే వుండాలి.

ఒక షరతు. ఆ పులుపు కంపు మామూలు కంపు కాదు. ఎసిటేట్ ఫిలిం కుళ్లుతున్నప్పుడు వచ్చే వాసన. ఒక ముక్కకు పడితే పక్క ముక్కలకూ అంటుకుంటుంది. మూత బిగించి పెడితే ఇంకా త్వరగా పాడవుతుంది. కంపు కొట్టేవి వేరుచేసి, మిగిలినవి కాగితంలో చుట్టి, గాలి తగిలేట్టు చల్లని చోట పెట్టమన్నాను. ఎవరింట్లోనైనా ముక్కలు కాక మొత్తం రీళ్లు వుంటే, పారేసేముందు పూణేలోని జాతీయ ఫిలిం ఆర్కైవుకు ఒక్క ముక్క వ్రాయండి. 1964 నుంచి వాళ్లున్నది అందుకే.

పెద్దాయన తీర్పంతా విన్నాడు. "సగం నాకు, సగం వీడికి పంచినావు సార్" అన్నాడు. "ఎర్రగుంట్లలో చల్లని చోటు యాడుంటుంది? అది చెప్పు ముందు."

దానికి నా దగ్గర జవాబు లేదు. కుర్రాడే డబ్బా అందుకున్నాడు. ఇంట్లో నాపరాయి పరిచిన గది ఒకటి వుందట, ఎండాకాలం కూడా కింద చల్లగానే వుంటుందట. అందులో ఇన్నాళ్లూ అతను పడుకుంటున్నాడు. ఆ రాత్రి నుంచి మంచం వరండాలో వేసుకుంటానన్నాడు.

పాఠకులకు మనవి: మీ ఇంట్లో, మీ వూరి మూతబడిన టాకీసులో ఇట్లాంటి డబ్బాలేమైనా వుంటే జాబు వ్రాయండి. వంద రోజుల లెక్కలు వచ్చే వారం చెబుతాను.